వక్కగద్దకు హాఫ్ టికెట్టు

సకలేశపురం వెళ్ళొచ్చానంటే మా పేటలో అందరూ అడిగే మొదటి మాట, "కాఫీపొడి తెచ్చినావా?" అని. తెచ్చాను. రెండో మాట, "గద్ద కనిపించిందా?" అని. దానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతున్నాను. కొట్లో గిరాకీ మధ్య చెప్పే సంగతి కాదు గనక రాస్తున్నాను.

నేను జరీ వ్యాపారిని. బెంగళూరు పేటలో మా తాత పెట్టిన కొట్టు. చీర అంచులకు కావలసిన జరీ, పట్టునూలు అమ్ముకుంటాం. యాభై అయిదో ఏట డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊరికే నడవడం నా వల్ల కాక, మెడలో కెమెరా తగిలించుకుని లాల్‌బాగ్‌లో పక్షుల వెంట నడవడం మొదలుపెట్టాను. "చక్కెర రోగానికి మందడిగితే పక్షి రోగం అంటించినాడు ఆ డాక్టరు" అని మా ఇంటావిడ ఇప్పటికీ ఆయన్ని తిడుతుంది.

ఈ పిచ్చి పట్టినవాళ్ళకు అందరికీ దొరికే పక్షి ఆనదు. పడమటి కనుమల అడవుల్లో రూఫస్ బెల్లీడ్ ఈగిల్ అని ఒక గద్ద ఉంది. మన గరుడపక్షి కంటే కాస్త పెద్దది. అడవి నెత్తిన ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, కింద పావురమో అడవికోడో కనబడితే రెక్కలు ముడుచుకుని రాయిలా వచ్చి పడుతుంది. ఏళ్ళ తరబడి అడవులు తిరిగినవాళ్ళు కూడా రెండు మూడుసార్లు చూశామంటే గొప్పే. తెలుగులో దానికి పేరుందో లేదో నాకు తెలియదు. నా కంటికి మాత్రం అదొక చీర. నల్ల ముసుగు, తెల్ల రొమ్ము, కిందంతా నానిన వక్కరంగు. అలాంటి రంగు కలపమంటే మా అద్దకంవాడు నెల రోజులు గడువు అడుగుతాడు.

కిందటి ఏడు ఏప్రిల్లో సకలేశపురం దగ్గర ఒక కాఫీ తోటలో దాని గూడు చూశాను. చూసి ఊరుకోలేదు, ఫొటో తీశాను. ఫొటోకు అడ్డం వచ్చిందని ఒక కొమ్మ కొట్టించాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో చెబితే కథ రక్తి కడుతుందేమో గానీ, ఈ ఏడాదంతా నేను చేసింది దాచడమే.

ఆ ఫొటోలో తల్లి గద్ద రెక్కలు రెండూ బార్లా చాచి నిలబడి ఉంటుంది. దాని కింద దూదిలాంటి తెల్లటి పిల్ల. చూసినవాళ్ళంతా "తల్లి ప్రేమ" అన్నారు. మా కొట్లో గల్లాపెట్టె వెనక దేవుడి పటం పక్కన దానికి చోటిచ్చాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా మేనల్లుడు పనిచేసే ఆఫీసువాళ్ళు దాన్ని గోడంత పెద్దది చేయించి, మా ఉద్యోగులను మేమిలా చూసుకుంటాం అని కింద ఇంగ్లీషులో రాయించారు. తర్వాతి నెలలోనే ఆ గోడ ముందు సమావేశం పెట్టి కొందరిని ఇంటికి పంపించారట. అప్పుడు నవ్వుకున్నాను.

ఈ ఏడు మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఆ జాతి గద్దలు వీలైతే పాత గూటికే తిరిగి వస్తాయని విన్నాను. మరో ఫొటో తీసుకోవచ్చని ఆశ. కొమ్మ కొట్టిపెట్టిన తోట మేస్త్రి మునియప్పకు ఇవ్వడానికి పాత ఫొటోను అద్దం వేయించి, చీరలు చుట్టే కాగితంలో చుట్టుకుని బయల్దేరాను.

మెజెస్టిక్

బెంగళూరు పెద్ద బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సు. పటం రెండడుగుల పొడవు. పైన పెడితే జారుతుంది, కింద పెడితే తొక్కుతారు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వచ్చి ఏమిటిదన్నాడు. గద్ద అన్నాను. ఆయన ముఖం కదపకుండా కన్నడంలో, "కోడికైనా గద్దకైనా హాఫ్ టికెట్టు తీసుకోవాల్సిందే" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి, ఫొటోలో రెండున్నాయి, తల్లికొకటి పిల్లకొకటి కొట్టమన్నాను. ఆ హాస్యానికి నాలో నేనే మురిసిపోతూ నెలమంగల దాకా వెళ్ళాను.

పక్క సీట్లో చెన్నరాయపట్టణంలో కొబ్బరికాయల మండీ ఉన్న పెద్దాయన. కాగితం మూల చిరిగి రెక్క ఒకటి బయటికి కనబడేసరికి చూపించమన్నాడు. విప్పి చూపించాను. గరుడ దేవుడనుకున్నాడేమో, రెండు చేతులతో అద్దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత చాలాసేపు వాళ్ళమ్మ గురించి చెప్పాడు. ఏడుగురు పిల్లల్ని కొబ్బరి పీచు వలిచి పెంచిందట. దిగేటప్పుడు సంచిలోంచి ఒక ఎండు కొబ్బరికాయ తీసి నా చేతిలో పెట్టి, "మీ కన్ను మంచిది స్వామీ" అన్నాడు. ఆ మాట అప్పుడు ఎంత తియ్యగా ఉందో, ఇప్పుడు అంత ముల్లులా గుచ్చుకుంటోంది.

హాసన్, పదిహేను నిమిషాలు

హాసన్ బస్టాండు ఎదుటి హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాను. పళ్ళెమంత ఇడ్లీ, పైన వెన్నముద్ద, ముప్పై రూపాయలు. మా పేటలో అదే డబ్బుకు బొటనవేలంత రెండు పెట్టి, సాంబారు కావాలా చట్నీ కావాలా అని పరీక్ష పెడతారు. కాఫీ అడిగితే నిండు లోటా ఇచ్చారు. బై-టూ ఇస్తారా అని అలవాటుగా అడిగాను. గల్లాపెట్టె దగ్గరి ఆయన నన్ను జాలిగా చూసి, "ఒక్కరే కదా వచ్చారు?" అన్నాడు. ఒక్కడు కూడా సగమే తాగే ఊరు మాదని ఆయనకు ఎలా చెప్పను.

చేయి కడుక్కుంటూ పటాన్ని గోడకు ఆనించి, అక్కడే మరిచిపోయి బస్సెక్కాను. బస్సు కదిలింది. ఆ గల్లా ఆయనే పంచె ఎగగట్టి పరుగెత్తుకొచ్చి బస్సు తలుపు మీద దబదబా బాదాడు. "మీ పక్షిని వదిలేసి పోతారేమిటండీ!" అని కన్నడంలో అందరి ముందూ కేకలేశాడు. నేను సిగ్గుపడి పటం అందుకున్నాను. నిజానికి అప్పుడు పడాల్సిన సిగ్గు అదికాదు.

తోట

మునియప్ప ఆంధ్రా సరిహద్దున ముళబాగిలు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. ముప్పై ఏళ్ళుగా ఈ తోటలోనే ఉన్నాడు. కాఫీ చెట్లకు నీడ ఎంత కావాలో అంతే ఉండాలి. అందుకని ఏటా వానలకు ముందు పెద్ద చెట్ల కొమ్మలు నరికి ఎండను సరిచేస్తారు. నడుముకు తాడు కట్టుకుని ఎనభై అడుగుల చెట్టెక్కి, ఏ కొమ్మ పోవాలో ఏది ఉండాలో చూసి కొట్టే పనిలో ఆ చుట్టుపక్కల మునియప్పను మించినవాడు లేడు.

కిందటి ఏడు నేను తోట దారిలో నిలబడి మా ఇంటావిడతో ఫోన్లో చింతపండు ధర గురించి వాదిస్తుంటే, అటు పోతున్న మునియప్ప ఆగిపోయాడు. నా మాట అయ్యేదాకా కదల్లేదు. "ఎన్ని దినాలైందప్పా మన మాట ఇని! ఈడ కన్నడం, తుళు, అరవం అన్నీ ఉండాయి. మన మాట మా ఇంటిదానితో తప్ప ఇంకెవురితో ఆడను?" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు నన్ను చుట్టాన్ని చేసుకున్నాడు. ఎవరికీ చూపించని గూడు నాకు చూపించాడు.

గూడు లోయలోని పెద్ద చెట్టు మీద ఉంది. దారి మలుపులో నిలబడితే సరిగ్గా కంటికెదురుగా కనబడుతుంది. కానీ పక్కనున్న నేరేడు చెట్టు కొమ్మ ఒకటి గూడు మీదికి వాలి, సగం కప్పేసింది. కెమెరాలో ఆకులే తప్ప పక్షి లేదు. కొమ్మ తీయించగలవా అని మునియప్పను అడిగాను. అతను తలగోక్కున్నాడు.

"గూడుండే చెట్టుకీ, దాని పడమటి చెట్టుకీ కత్తి పెట్టగూడదప్పా. పిల్ల ఎగిరిపోయేదాకా అట్లే ఇడిసిపెడతాము. ఇది మా కొమ్మ కొట్టేవాళ్ళ పద్దతి."

ఎందుకని అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. "ఒక్క కొమ్మే కదా మునియప్పా! మనవాడివని అడిగినా" అన్నాను. ఇంకో మాట లేకుండా మచ్చుకత్తి నడుముకు దోపుకుని ఎక్కాడు. నాలుగు దెబ్బల్లో కొమ్మ కింద పడింది. గూడు మీద వెలుతురు విరబూసింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూర్చుని, వందల ఫొటోలు తీసి, మర్నాడు బెంగళూరు వెళ్ళిపోయాను.

ఈసారి నేను వెళ్ళేసరికి మునియప్ప ఇంటి ముందు కాఫీ గింజలు పోగు చేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు గానీ ఎదురు రాలేదు. అతని భార్య లక్ష్మమ్మ ఆ ఊరి మర్యాద ప్రకారం బెల్లంముక్క, చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా పేటలో చుట్టం వస్తే ముందు టీవీ శబ్దం తగ్గిస్తారు, అంతే. సాయంత్రం బియ్యప్పిండితో వేడివేడి అక్కిరొట్టె, పచ్చిమిరపకాయ చట్నీ పెట్టింది. నాలుగు తిన్నాను. మునియప్ప ఒకటే తిన్నాడు.

రొట్టెలు అయ్యాక కాగితం విప్పి పటం అతని చేతిలో పెట్టాను. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. బాగుందనలేదు. లక్ష్మమ్మ భుజం మీదుగా తొంగిచూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మునియప్ప పటాన్ని మెల్లగా గోడవైపు తిప్పి పెట్టాడు. "రేపు పొద్దున పోదాము అప్పా, చెట్టు కాడికి" అన్నాడు. పెద్దవాడైపోయాడు, మాట తగ్గించాడు అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

గూటి చెట్టు

ముందురోజుల్లో ఒక వాన పడి కాఫీ తోటంతా పూసింది. మల్లెతోటలో నడుస్తున్నట్టే ఉంది. వాసనకు మైమరచి నడుస్తుంటే రెండు జలగలు నా మడమలు పట్టుకుని అల్పాహారం కానిచ్చాయి. మునియప్ప సున్నం రాసి వాటిని రాల్చాడు. అప్పుడు కూడా నవ్వలేదు.

దారి మలుపులో ఆగాం. చెట్టుంది. గూడూ ఉంది, కానీ ఒక పక్కకు ఒరిగి, పుల్లలు వేలాడుతున్నాయి. కొత్త పుల్ల ఒక్కటీ లేదు. పక్కన నేరేడు చెట్టుకు కొట్టేసిన కొమ్మ మొదలు నల్లబడి ఉంది. దాని చుట్టూ జానెడు చిగుళ్ళు వచ్చాయి.

"ఈ ఏడు రాలేదా?" అన్నాను.

"పుష్యమాసంలో ఒకటి వచ్చె. ఆ మోడు మింద రెండు దినాలు కూసునె. గూటిలో కాలు పెట్టలేదు. ఆమేల కనపడలే." నావైపు తిరిగి అడిగాడు. "రంగప్పా, నీ పటంలో అది రెక్కలు ఎందుకు చాపిండాది, చెప్పు?"

"పిల్లని కాపాడుకునేదానికి."

"దేని నుంచి?"

పాము అనబోయాను, కాకి అనబోయాను. ఫొటోలో ఏదీ లేదని నాకు తెలుసు. ఆ రెండు గంటల్లో ఏదీ రాలేదు.

"ఎండ నుంచి అప్పా" అన్నాడు మునియప్ప. "పడమటెండ. ఆ కొమ్మ దాని గొడుగు. అది చూసుకునే ఈడ గూడు కట్టె. మనం గొడుగు పీకేస్తిమి. అది తన రెక్కలు పట్టుకునె. వెలుతురు శానా బాగుండాది అంటివే, ఆ వెలుతురు."

 కొట్లో గల్లాపెట్టె వెనక, ఆఫీసు గోడ మీద, వందమంది ఫోన్లలో ఉన్న ఆ తల్లి ప్రేమ కళ్ళ ముందు తిరిగింది. అది పిల్లని చూసి మురిసి రెక్కలు చాచలేదు. నోరు తెరుచుకుని ఉంటుంది ఆ ఫొటోలో. పిల్లతో మాట్లాడుతోందని నేను పదిమందికి చెప్పాను. ఎండకు రొప్పుతోంది.

మిగతాది మునియప్ప లోయవైపు చూస్తూ చెప్పాడు. పిల్ల ఆ వయసుకొస్తే తల్లీ తండ్రీ ఇద్దరూ వేటకు పోవాలి. తల్లి పోలేదు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా రెక్కలు చాచి నిలబడేది. తండ్రి తెచ్చేది చాలేది కాదు. రోజూ పచ్చని ఆకులు తెచ్చి గూట్లో పరిచే పక్షి, ఆకులు తేవడం మానేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం అది దేనికో అటు ఎగిరిన కాసేపట్లో పిల్ల నీడ వెతుక్కుంటూ గూటి అంచుకు జరిగింది. పడిపోయింది. కాఫీ చెట్టు మీద పడింది గనక ప్రాణం పోలేదు. రెక్క విరిగింది.

"ఎత్తుకోని ఫారెస్టోళ్ళ కాడికి పోతి. బెంగళూరులో పక్షులకి మందేసే జాగా ఉండాది, ఆడికే పంపించాల అని చీటీ రాసిచ్చి, ఒక గార్డుని తోడు పంపిరి. అట్టపెట్టెకి తూట్లు పెట్టి, బస్సులో తీసుకోని వస్తి. కండక్టరు దానికి హాఫ్ టికెట్టు కొట్టినాడు. ఊపిరుండేదానికి టికెట్టు కొట్టాల్సిందే అంట." మునియప్ప తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మెజెస్టిక్కులో దిగితే దిక్కు తెలీదు. ఆ గార్డుకీ తెలీదు. బెంగళూరులో నాకు తెలిసినోనివి నువ్వొక్కనివే. నీకే ఫోన్ చేస్తి."

ఆ ఫోన్ నాకు గుర్తుంది. పెళ్ళిళ్ళ రోజులు. కొట్టు నిండా జనం. మునియప్ప పేరు చూసి, ఫొటో అడగడానికి చేశాడనుకున్నాను. "గిరాకీ ఉండాది మునియప్పా, ఆమేల మాట్లాడతా" అని పెట్టేశాను. అతను "సరే అప్పా" అన్నాడు. ఆ తర్వాత నేను చేయలేదు. ఏడాది గడిచింది. మెజెస్టిక్ నుంచి మా కొట్టుకు నడిచి వస్తే పావుగంట.

"నా మీద కోపంగా ఉండాదా?" అని అడిగాను. 

"నీ మీద ఏం కోపమప్పా. కత్తి నా చేతిలో ఉండె." అతను చేతులు రెండూ చూసుకున్నాడు. "మన మాటోడు అడిగినాడు కదా అని పద్దతి తప్పితి. అదే బేజారు. ఆ పొద్దు నుంచి చెట్టెక్కలే. ఓనరుకి మోకాలు నొప్పి అని చెప్పినా."

తిడితే బాగుండేదనిపించింది. తిట్లకు జవాబు చెప్పగలను, వ్యాపారిని. 

మూడో రోజు పొద్దున ఇద్దరం కొండ నెత్తికెక్కి కూర్చున్నాం. పదింటికి చాలా ఎత్తున ఒక పక్షి తిరిగింది. కెమెరా బయటికి తీయలేదు. అదేనా అని మునియప్పను చూశాను. అతను కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని, "అయి ఉండొచ్చు, కాకపోవొచ్చు" అన్నాడు. కాసేపటికి అది కొండ అవతలికి దాటిపోయింది. గద్ద కనిపించిందా అని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే.

బయల్దేరేటప్పుడు లక్ష్మమ్మ అరకిలో కాఫీపొడి పొట్లం ఇచ్చింది. మునియప్ప పటం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే ఎత్తుకోని పో. ఇంట్లో పెట్టుకోలేము అప్పా. దాన్ని ఇట్ల చూసేకి మాకు చాతకాదు." పంచాంగంలో దాచిన బస్సు టికెట్టు కూడా తీసి చూపించాడు. అచ్చంతా వెలిసిపోయి తెల్లకాగితం ముక్కలా ఉంది. "ఆ జాగావాళ్ళు బతుకుతాదో లేదో చెప్పలేము అనిరి. మళ్ళా పోయేకి నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు చూసి ఒక ఫోన్ కొట్టు. ఉంటే ఉండాది అను. లేకుంటే ఫోనే చెయ్యొద్దు."

తిరుగు బస్సు

వచ్చేటప్పుడు కూడా కండక్టరు ఏమిటిదని అడిగాడు. పటం అన్నాను. హాసన్‌లో దిగలేదు. పక్కన కూర్చున్నావిడ విప్పి చూపించమనలేదు, అదృష్టం. పటాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అట్టపెట్టె అయితే ఇలా పెట్టుకోవడానికి కుదరదు కదా, ఏడు గంటలు ఒళ్ళోనే పెట్టుకుని ఉంటాడు అనుకున్నాను. యశవంతపురం దగ్గర ట్రాఫిక్కులో బస్సు ముప్పావుగంట నిలిచిపోయింది. నాకెందుకో తొందరపడాలనిపించలేదు. బతికి ఉందో లేదో తెలియనంతసేపూ బతికి ఉన్నట్టే.

దేవనహళ్ళి

మర్నాడు కొట్టు తెరవలేదు. విమానాశ్రయం వైపు పోయే దేవనహళ్ళి బస్సెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుని, మునియప్ప చెప్పిన అడ్రసు పట్టుకుని వెళ్ళాను. రెండువందల ఇరవై కిలోమీటర్లు పోయి వెతికిన పక్షి మా ఇంటికి గంటన్నర దూరంలో ఏడాదిగా ఉందేమో.

ఊరికి ఎడంగా వరసగా వలల గదులు. ఎక్కువగా మార్కెట్టు మీద తిరిగే మామూలు గద్దలే. గాలిపటాల మాంజా దారం కోసుకుని రెక్కలు తెగినవి. పక్షులకు మందులు వేసేది సువార్త అనే నలభై ఏళ్ళావిడ. గుంటూరు వైపు మనిషి. ముందు ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసిందట. ఊరికే చూడటానికి ఎవరినీ రానివ్వమండీ అంది. సకలేశపురం నుంచి ఒకాయన పెట్టెలో తెచ్చిన పిల్ల గురించి వచ్చానన్నాను.

"ఓ, ఆ పెద్దాయన! మూడు బస్సులు మారి వచ్చారండీ పాపం. పెట్టె కింద పెట్టమన్నా పెట్టలేదు. ఊళ్ళో తెలిసినాయన ఒకరున్నారు గానీ ఆయన బిజీ అని చెప్పారు" అంది. "మీరేమవుతారు ఆయనకి?"

"తెలిసినవాణ్ణి" అన్నాను.

బతికే ఉంది. చివరి గదిలో, తక్కువ ఎత్తున కట్టిన కర్ర మీద కూర్చుని ఉంది. ఎడమ రెక్క సరిగ్గా ముడుచుకోక కొస కిందికి వేలాడుతోంది. వీపు గోధుమరంగు, రొమ్మూ పొట్టా తెల్లటి తెలుపు. నల్ల ముసుగు లేదు. వక్కరంగు ఎక్కడా లేదు.

"కలర్ రావడానికి ఇంకా రెండు మూడేళ్ళు పడుద్దండి" అంది సువార్త. "ఎముక అతుక్కుంది గానీ వంకరగా సెట్టయింది. ఇక ఎగరదు. ఇక్కడే ఉంటది."

తలమీదుగా ఒక విమానం దిగుతూ వెళ్ళింది. గద్ద తల పక్కకు వంచి, ఒక కంటితో దాన్ని కనబడినంత దూరం చూసింది. ఇంకో రెండు నిమిషాలకు ఇంకొకటి. మళ్ళీ తల వంచింది. "రోజంతా అంతేనండీ. ప్రతి ఒక్కటీ చూస్తది" అంది సువార్త. మిగతా గద్దలు ఏవీ పట్టించుకోలేదు.

నా చేతిలో పటం ఏమిటని అడిగింది. ఇచ్చాను. కాగితం తీసి, "అబ్బ! ఎంత ప్రేమండీ తల్లికి! ఈ పిల్లేనా ఇది? ఇంత మంచి లైటింగ్ అడవిలో ఎలా దొరికిందండీ?" అంది.

ఏడాదిలో ఆ ప్రశ్న చాలామంది అడిగారు. ఓపిక ఉండాలండీ అని చెప్పేవాణ్ణి. ఈసారి, "నీడ ఇచ్చే కొమ్మ కొట్టించినాను. అందుకే పడింది ఇది. ఆయన ఫోన్ చేసిన బిజీ మనిషిని నేనే" అన్నాను. నోటితో పైకి చెప్పడం అదే మొదటిసారి. ఏడవకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను.

సువార్త తిట్టలేదు, ఓదార్చలేదు. పటం మళ్ళీ కాగితంలో చుట్టి గోడవారన పెట్టింది. నర్సులకు అది అలవాటేమో. ఏదో గదిలో గద్దకు మందు వేయాలని లోపలికి వెళ్ళింది.

మునియప్పకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. 

"ఉండాది మునియప్పా" అన్నాను.

 లక్ష్మమ్మను కేకేసి చెప్పాడు. తర్వాత, "ఎగురుతుండాదా?" అన్నాడు.

"లేదు. ఇంక ఎగరదంట."

 ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు అడిగాడు. "ఆడ నీడ ఉండాదా అప్పా?"

చూశాను. మూడు గంటల ఎండ పడమటి వైపు వలలోంచి లోపలికి పడుతోంది. ఆ వైపు వలకు ఎప్పుడో కట్టిన వేపకొమ్మ ఎండి, ఆకు రాలి, పుల్లలు మిగిలాయి. గద్ద కర్ర మీద ఈ చివరకు జరిగి, గోడ నీడ నాలుగు వేళ్ళ మేర పడే చోట ఒదిగి కూర్చుని ఉంది.

"ఒక నిమిషం ఉండు" అన్నాను.

ఫోన్ పెట్టేయకుండా జేబులో వేసుకుని సువార్తను కత్తి అడిగాను. వెనకాల వేపచెట్టు నుంచి వారానికొకసారి కొట్టి కడతామండీ, ఈ వారం మనుషుల్లేరు అంటూ కొడవలి ఇచ్చింది. బతుకులో నేను జరీ తప్ప ఏదీ తెంపినవాణ్ణి కాను. అందే కొమ్మ ఒకటి పట్టుకుని, అరచేయి బొబ్బలెక్కేదాకా కొట్టాను. వలకు తాడుతో కట్టాను. ఎండ మరకలు మరకలుగా తగ్గి, గద్ద కూర్చున్న కర్ర మీద ఆకుల నీడ పడింది. అది నావైపు చూడలేదు. ఇంకో విమానం వస్తోంది.

జేబులోంచి ఫోన్ తీశాను. మునియప్ప ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఇప్పుడు ఉండాది" అన్నాను.

ఆ ఆకు మూడు రోజుల్లో వాడిపోతుందని మాత్రం చెప్పలేదు.